విశాఖలో పాత బంగళాను అతిథిగృహంగా తెరుస్తున్నారా? అక్టోబరు తుపాన్లలోపే ఇవి చూసుకోండి

గానుగ సున్నం (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) గోడకు సిమెంటు పూత, ప్లాస్టిక్ పెయింటు వద్దే వద్దు. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. సున్నం గోడ ఊపిరి పీల్చే గోడ. నేల చెమ్మ బయటికి పోయే దారి మూసేస్తే ఉప్పు లోపలే గడ్డకట్టి, ఇటుకను పొడిపొడి చేసి, పూతను పెచ్చులుగా రాలుస్తుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్ల ఇసుకతోనే అతుకులు వేయించండి. వారం రోజులు తడి ఆరనివ్వకండి. పైన వెల్ల చాలు. తొందరపడే మేస్త్రీకి ఈ పని ఇవ్వకండి.

మేడ మీద కొత్త బాత్‌రూమ్: టైల్స్ వేయకముందే అంగుళం లోతు నీళ్లు నిలిపి 48 గంటలు చూడండి. కింద ఉన్నవి చెక్క దూలాలు. కారుతోందని తెలిసేసరికి వాటి కొసలు పుచ్చిపోతాయి.

బంగళా పెంకులు: కొప్పు, అంచు వరసలు కదలకుండా బిగించండి. గాలి ముందు లేపేది వాటినే. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానును ఈ ఊరు మరవలేదు.

గీజర్, ఏసీలకు విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి. పాత చెక్క పట్టీల్లోని తీగలు ఆ లోడు మోయలేవు.

తలుపు చట్రాలను నేల దగ్గర తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు ఉండొచ్చు. అవి టేకు చేవను (లోపలి గట్టి చెక్కను) వదిలినా తెల్లచెక్కను (బయటి మెత్తని చెక్కను) వదలవు.

సముద్రం వైపు స్క్రూలు, బందులు ఉప్పు గాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి.

విదేశీ అతిథి వస్తే 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో వివరాలివ్వాలి. ఆ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి.