ఎక్స్‌టర్నల్ సౌండ్ కార్డు కొన్నా మోత పోలేదా? ముందు చార్జర్ పీకండి

ల్యాప్‌టాప్ జాక్‌లో గుయ్‌మని మోత వస్తోందని యూఎస్‌బీ సౌండ్ కార్డు (ల్యాప్‌టాప్‌కి బయట తగిలించే ఆడియో పెట్టె) కొంటారు, పెట్టి చూస్తే అదే మోత, దాన్ని వాపసు పంపి ఇంకా ఖరీదైంది తెప్పిస్తారు, అదీ అంతే. మూడో కార్డు దాకా వెళ్ళినవాళ్ళని కూడా చూశాను. ఒక్కసారి చార్జర్ పీకి బ్యాటరీ మీద విన్నారా అంటే లేదు.

సమస్య: స్పీకర్లలో ఆగకుండా హమ్మింగ్, మౌస్ కదిపినా పేజీ స్క్రోల్ చేసినా సన్నగా కీచుమనడం. అదే కార్డుకి హెడ్‌ఫోన్స్ పెడితే మాత్రం శుభ్రంగా ఉంటుంది. చార్జర్ తీయగానే స్పీకర్లలో కూడా ఆగిపోతే ఇక వెతకడం ఆపేయండి, దొరికేసింది.

కారణం: గ్రౌండ్ లూప్. మీ చార్జర్ 3 పిన్నులది, స్పీకర్లకో మిక్సర్‌కో కూడా ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో కేబుల్ షీల్డ్, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు, ఈ రెండు ఎర్తుల్నీ కలిపేస్తుంది, అలా చుట్టూ తిరిగే కరెంటే 50 లేదా 60 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది, ల్యాప్‌టాప్ లోపలి రొద కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. మామూలు యూఎస్‌బీ కార్డు గ్రౌండ్ కూడా ల్యాప్‌టాప్ గ్రౌండే కదా, అందుకే కార్డు ఎన్నిసార్లు మార్చినా ఆ దారి తెగదు. హెడ్‌ఫోన్స్‌కి ఎర్త్ ఉండదు కాబట్టి అక్కడ మోత లేదు.

నేనూ దీనికి బలైనవాణ్ణే. రెండు సాయంత్రాలు డ్రైవర్లు మార్చి, కేబుళ్ళు మార్చి, విండోస్ కూడా మళ్ళీ ఎక్కించాను, చివరికి కాలు తగిలి చార్జర్ ఊడిపోతే మోత ఆగింది.

పరిష్కారం: ముందు ల్యాప్‌టాప్‌నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, ఒక్కోసారి దీంతోనే అయిపోతుంది. తగ్గకపోతే కార్డుకీ స్పీకర్లకీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి, కాకపోతే చవకవాటిలో బేస్ కాస్త పల్చబడుతుంది. ఇంకా కార్డు కొనకపోతే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఒకే సిగ్నల్‌ని రెండు తీగల్లో ఎదురెదురుగా పంపి, దారిలో చేరిన రొదని కొట్టేసే పద్ధతి) ఉన్నదే చూడండి, స్పీకర్లకి కూడా బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉండాలి సుమా, 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్‌కి మూడు భాగాలున్నాయని అది బ్యాలెన్స్‌డ్ అయిపోదు. రెండువైపులా ఆప్టికల్ ఉంటే ఇంకా సులువు, అందులో పోయేది వెలుతురు, గ్రౌండ్ కాదు. ల్యాప్‌టాప్‌కీ కార్డుకీ మధ్య పెట్టి గ్రౌండ్‌ని విడదీసే యూఎస్‌బీ ఐసోలేటర్ కూడా పనిచేస్తుంది గానీ చవకవి చాలావరకు 12 ఎంబీపీఎస్‌వే, హై స్పీడ్ కావాలనే కార్డులు వాటిమీద అసలు లేవవు.

ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, దానికి టేపు చుట్టడం మాత్రం చేయొద్దు. మోత పోతుంది నిజమే, కానీ షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే.

2 పిన్నుల చార్జర్ అయితే కథ కొంచెం వేరు, అందులోంచి కొద్దిగా కరెంటు లీకవుతుంది, మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమనేది అదే. గిటార్ తగిలించినప్పుడు తీగ పట్టుకుంటే మోత మారుతోందంటే దాన్ని కూడా అనుమానించండి. రికార్డింగ్ అయ్యేవరకు బ్యాటరీ మీద నడిపితే సరి.

టప్ టప్ మంటూ ఆడియో తెగుతోందా? హబ్ తీసేసి నేరుగా పోర్టులో పెట్టండి, ఇంకా ఉంటే ఆడియో సెట్టింగుల్లో బఫర్ (ముందుగా పోగుచేసుకునే ఆడియో శాంపిళ్ళ సంఖ్య) 256కో 512కో పెంచండి. మైక్ పలకట్లేదా? ఫోన్ హెడ్‌సెట్ 4 భాగాల పిన్నుని విడి మైక్ జాక్‌లో పెట్టుంటారు, మైక్‌నీ హెడ్‌ఫోన్‌నీ రెండు పిన్నులుగా విడదీసే స్ప్లిటర్ కావాలి. స్టూడియో కండెన్సర్ మైక్ అయితే కార్డులో 48 వోల్టుల బటన్ నొక్కారో లేదో చూడండి, అసలు ఆ బటనే లేకపోతే ఆ కార్డు నేరుగా ఆ మైక్‌కి పనికిరాదు.

కార్డే పాడైపోవడం అరుదు. ఇంకో ల్యాప్‌టాప్‌కి, అదీ బ్యాటరీ మీద ఉన్నదానికి పెట్టి హెడ్‌ఫోన్స్‌లో వినండి, అక్కడ కూడా మోతే అయితే అప్పుడు వాపసు పంపండి.