ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఏం చేయాలి?

బల్ల మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఒక మూల పైకి లేచి ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ కాకుండా బిగుసుకుపోయినా, మూత వేశాక అంచున సన్నని సందు మిగులుతున్నా ముందుగా అనుమానించవలసింది బ్యాటరీనే. టచ్‌ప్యాడ్ పాడైందనుకుని దానిని మరింత గట్టిగా నొక్కేవారు చాలామంది. ఆ ఒత్తిడంతా దాని అడుగున ఉబ్బి ఉన్న బ్యాటరీ సెల్ మీదే పడుతుంది.

ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది మెత్తని రేకు సంచీలో మూసిన లిథియం సెల్. పాతబడడం వల్లనో, వేడి వల్లనో, ఎప్పుడూ 100 శాతం ఛార్జితో ఉంచడం వల్లనో లోపలి ఎలక్ట్రోలైట్ (విద్యుదావేశాన్ని మోసే ద్రవం) విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు పుట్టి, బయటికి దారిలేక సంచీని ఉబ్బిస్తాయి. సూదితో గుచ్చి గాలి తీసేస్తే సరిపోతుందన్న సలహాను పొరపాటున కూడా పాటించకండి. లోపల వెంట్రుకంత మందం కూడా లేని పొర ఒకటి ధన, రుణ ధ్రువాలైన రెండు ఎలక్ట్రోడ్లను వేరుచేస్తూ ఉంటుంది. అది చిరిగితే షార్ట్ సర్క్యూట్ అయి, క్షణాల్లో మంట లేవవచ్చు.

ఉబ్బు కనిపించగానే ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో కాక పూర్తిగా షట్‌డౌన్ చేయండి. ఫైళ్లు కాపీ చేసుకోవాలన్న ఆత్రం సహజమే, కానీ అది బ్యాటరీ తీయించాక చేయవలసిన పని. మూత మూసుకోకపోతే బలవంతం చేయకుండా, మంటలంటుకునే వస్తువులకు దూరంగా, గచ్చు మీద గాని రాతి మీద గాని నీడపట్టున ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

బ్యాటరీని తీయడం సర్వీస్ సెంటర్‌కు వదిలేయడమే మేలు, ముఖ్యంగా అది జిగురుతో అతికించి ఉన్నప్పుడు. కేవలం స్క్రూలతో బిగించి ఉండి, మీకు అనుభవం కూడా ఉంటే, ముందు కనెక్టర్ ఊడదీసి, లోహపు పనిముట్లతో పెకలించకుండా నెమ్మదిగా ఎత్తండి. కదలకపోతే అక్కడితో ఆపేయండి. బయటికి తీసిన దానిని, కనెక్టర్‌కు టేపు చుట్టి, పొడి ఇసుక ఉన్న లోహపు డబ్బాలో, మూత బిగించకుండా ఆరుబయట ఉంచి, వీలైనంత త్వరగా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించండి. ఉబ్బినదని ముందే చెప్పండి. మామూలు చెత్తలో వేస్తే చెత్తబండిలో నలిగి అంటుకునే ప్రమాదముంది. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలోకి అనుమతించరు కనుక ప్రయాణంలో వెంట తీసుకెళ్లవద్దు.

బుసబుసమన్న చప్పుడు, తియ్యటి ఘాటు వాసన, పొగ, చేయి పెట్టలేనంత వేడి, వీటిలో ఏది కనిపించినా దాని జోలికి వెళ్లకుండా అందరినీ బయటికి పంపి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. ఆ పొగలో విషవాయువైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉండవచ్చు. ఆరినట్లు కనిపించిన సెల్ కొన్ని గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు.