పేజీలో బొమ్మ రాకపోతే – మూడవ పాఠం: నెట్‌వర్క్ ట్యాబ్ చెప్పే కారణం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. బొమ్మలు ఎక్కువగా ఉన్న ఒక పేజీని తెరిచి, డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో బొమ్మల కోసం ఎన్ని అభ్యర్థనలు వెళ్లాయో లెక్కపెట్టమనీ, పేజీని చివరి వరకు కిందికి జరిపి మళ్లీ లెక్కపెట్టమనీ అడిగాను. చాలా పేజీలలో రెండవ లెక్క పెద్దదిగా వచ్చి ఉంటుంది. ఇమేజ్ ట్యాగులో లోడింగ్ అనే గుణానికి లేజీ అనే విలువ ఇచ్చినప్పుడు, ఆ బొమ్మ ఉన్న చోటు తెరకు దగ్గరపడే వరకు బ్రౌజర్ దానిని అడగనే అడగదు. ఈ సౌకర్యం క్రోమ్‌లోకి 2019లో, ఫైర్‌ఫాక్స్‌లోకి 2020లో, సఫారీలోకి 2022లో వచ్చింది.

ఆ లెక్కలో ఈ పాఠానికి కావలసిన విషయం ఒకటి ఉంది. ‘బొమ్మ రాలేదు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బ్రౌజర్ అడిగినా రాకపోవడం ఒకటి, బ్రౌజర్ అసలు అడగకపోవడం మరొకటి. ఈ రెండింటినీ విడదీసుకోనివారు సర్వర్‌లో లేని తప్పు కోసం సర్వర్‌నంతా గాలిస్తారు, లేదా పేజీలో ఉన్న తప్పును వదిలేసి ఇంటర్నెట్ కనెక్షన్‌ను అనుమానిస్తారు. ఊహించవలసిన అవసరమే లేదు. ఏం అడిగిందో, ఏం జవాబు వచ్చిందో బ్రౌజర్ వరుసగా రాసి పెట్టుకుంటుంది. మనం దానిని చదవడం నేర్చుకుంటే చాలు.

పేజీ మీద ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌ను తెరవండి. అక్కడి వడపోతలలో ఇమేజ్‌లకు సంబంధించిన దానిని ఎంచుకోండి. డిసేబుల్ క్యాష్ (క్యాష్ అంటే బ్రౌజర్ ముందే దాచుకున్న ప్రతులు) అనే గడిలో టిక్కు పెట్టి, అప్పుడు పేజీని రీలోడ్ చేయండి. ఈ పట్టిక టూల్స్ తెరిచిన క్షణం నుంచి మాత్రమే నమోదు చేస్తుంది కాబట్టి రీలోడ్ తప్పనిసరి. ఇప్పుడు కనిపించని బొమ్మ పేరును వరుసలలో వెతికి, దాని పక్కనున్న స్టేటస్ గడిని చూడండి. ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి.

404: ఆ చిరునామాలో ఏమీ లేదు

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే అంకె ఇదే. సర్వర్ పనిచేస్తోంది, జవాబు కూడా ఇచ్చింది. కానీ మనం అడిగిన చోట ఫైలు లేదు. ‘ఫైలు అక్కడే ఉంది, నేను కళ్లారా చూశాను’ అని చాలామంది అంటారు. వారు చూసినదీ నిజమే, సర్వర్ చెప్పినదీ నిజమే. వారు చూసిన చోటు వేరు, బ్రౌజర్ అడిగిన చోటు వేరు. ఆ వరుస మీద నొక్కితే కుడివైపు రిక్వెస్ట్ యూఆర్‌ఎల్ అని పూర్తి చిరునామా కనిపిస్తుంది. పేజీలో మీరు రాసినదానిని కాక, ఈ చిరునామాను అక్షరం అక్షరం చదవాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఫోల్డర్ల పేర్లను చదవడానికి సులువుగా ఉండేందుకు తెలుగులోనే రాస్తున్నాను. పేజీ చిరునామా ‘/వ్యాసాలు/నదులు’. అందులో బొమ్మకు ‘బొమ్మలు/తామర.జేపీజీ’ అని రాశారు. ముందు గీత లేని ఇటువంటి చిరునామాను బ్రౌజర్ పేజీ చిరునామాలోని చివరి గీత వరకు తీసుకుని దానికి అతికిస్తుంది. కాబట్టి అది ‘/వ్యాసాలు/బొమ్మలు/తామర.జేపీజీ’ని అడుగుతుంది. అదే పేజీని ఎవరైనా చివర గీతతో, అంటే ‘/వ్యాసాలు/నదులు/’ అని తెరిచారనుకోండి. ఇప్పుడు అడిగేది ‘/వ్యాసాలు/నదులు/బొమ్మలు/తామర.జేపీజీ’. పేజీ ఒకటే, రాసిన ట్యాగూ ఒకటే, చివర ఒక్క గీత తేడాతో బొమ్మ ఒకరికి కనిపించి మరొకరికి కనిపించదు. ‘నాకు వస్తోంది, మీకెందుకు రావడం లేదు’ అనే వాదనలు కొన్ని ఇక్కడే పుడతాయి. చిరునామాను మొదటి గీతతో, ‘/బొమ్మలు/తామర.జేపీజీ’ అని సైటు మూలం నుంచి రాస్తే పేజీ ఎక్కడున్నా అది మారదు. చిన్న సైటుకైనా ఈ పద్ధతే నా సలహా.

రెండవ కారణం ఇంగ్లీషు అక్షరాలలోని పెద్దవి, చిన్నవి అనే తేడా. విండోస్ కంప్యూటర్‌లో ఫైలు పేరులో ఈ తేడా లెక్కకు రాదు. ఎలా రాసినా ఫైలు తెరుచుకుంటుంది. లినక్స్ సర్వర్‌లో అవి రెండు వేర్వేరు పేర్లు. కొన్ని కెమెరాలు ఫోటో పేరు చివరి జేపీజీ అక్షరాలను పెద్దవిగా రాస్తాయి, పేజీ రాసేవారు అలవాటుగా చిన్నవిగా రాస్తారు. సొంత కంప్యూటర్‌లో పరీక్షించినప్పుడు నిండుగా కనిపించిన పేజీ, సర్వర్‌కు ఎక్కించగానే బొమ్మలు లేకుండా నిలబడటానికి మొదట అనుమానించవలసినది దీనినే. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాలలోనే ఉండాలని నియమం పెట్టుకుంటే ఈ బెడద తీరుతుంది.

ఫైలు పేరులో హ్యాష్ గుర్తు ఉంటే మరో చిక్కు. చిరునామాలో ఆ గుర్తు తరువాతి భాగాన్ని బ్రౌజర్ తనవద్దే ఉంచుకుని సర్వర్‌కు పంపదు. ప్రశ్నార్థకం ఉంటే దాని తరువాతి భాగం ఫైలు పేరు కింద లెక్కకు రాదు. పేరు సగంలో తెగిపోయినట్లు కనిపిస్తే ఈ రెండు గుర్తుల కోసం చూడండి.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవారు ఇంకొంచెం శ్రద్ధగా వినవలసిన విషయం ఒకటుంది. తెలుగు పేరు చిరునామాలో చెల్లుతుంది. అయితే బ్రౌజర్ దానిని పంపేటప్పుడు ఒక్కొక్క యూనికోడ్ సంకేతాన్ని మూడు బైట్లుగా, ఒక్కొక్క బైటును శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుస్తుంది. ‘తామర’లో త, దీర్ఘం, మ, ర అని నాలుగు సంకేతాలున్నాయి కాబట్టి అది 36 అక్షరాల చిరునామా అవుతుంది. దీనిలో తప్పేమీ లేదు. తప్పు వచ్చేది కంటికి కనబడని సంకేతాల వల్ల. పొల్లు తరువాతి అక్షరం కిందికి ఒత్తుగా దిగకుండా విడిగా నిలబడటానికి మనం టైపు చేసే జీరో విడ్త్ నాన్ జాయినర్ మాట మధ్యలో ఉంటే రూపం మారుతుంది, మాట చివర మిగిలిపోతే ఏ మార్పూ కనిపించదు. ‘మ్యాప్’ అని పొల్లుతో ముగిసే పేరు గల ఫైలు విషయంలో నేనొకసారి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. పేజీలోని పేరూ ఫైలు పేరూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా లేదు, జవాబు మాత్రం 404. చివరకు రెండు చిరునామాల పొడవును లెక్కపెడితే ఒకటి రెండవదానికంటే సరిగ్గా 9 అక్షరాలు ఎక్కువ ఉంది. ఆ తొమ్మిదీ చివర మిగిలిపోయిన ఆ కనబడని సంకేతానివే. ఐత్వం విషయంలోనూ ఇటువంటిదే ఉంది: యూనికోడ్‌లో అది ఒకే సంకేతంగా ఉండవచ్చు, లేదా ఎత్వానికి కింది గుర్తు చేర్చిన జంటగా ఉండవచ్చు, తెర మీద రెండూ ఒక్కటే, సర్వర్‌కు వేరు కావచ్చు. తెలుగు పేర్లు పెట్టవద్దని నేను చెప్పను. పేరును పేజీలో మళ్లీ టైపు చేయకుండా ఫైలు నుంచే కాపీ చేసి అతికించండి.

403: ఉంది, ఇవ్వను

ఇక్కడ సర్వర్ అడిగినదాన్ని అర్థం చేసుకుని నిరాకరించింది. మీ సొంత సర్వర్‌లోని ఫైలైతే ముందుగా అనుమతులను చూడండి; లినక్స్‌లో సాధారణంగా ఫైలుకు 644, ఫోల్డరుకు 755 ఉంటే వెబ్ సర్వర్ దానిని చదవగలుగుతుంది. ఫైలు అనుమతులు సరిచేసి ఫోల్డరును మరిచిపోవడం తరచుగా జరుగుతుంది.

బొమ్మ వేరే సైటులో ఉండి, మీ పేజీ దానిని అక్కడి నుంచే చూపించబోతే, ఆ సైటువారు హాట్‌లింకింగ్‌ను అడ్డుకుంటూ ఉండవచ్చు. ఏ పేజీ నుంచి అడుగుతున్నామో బ్రౌజర్ రెఫరర్ అనే హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచార పంక్తిలో) చెబుతుంది. అది తమ సైటు కాకపోతే వారి సర్వర్ 403 ఇస్తుంది. బొమ్మ చిరునామాను కొత్త ట్యాబ్‌లో నేరుగా అతికిస్తే ఈ హెడర్ వెళ్లదు కాబట్టి బొమ్మ చక్కగా తెరుచుకుంటుంది. నేరుగా తెరుచుకుని, పేజీలో రాకపోవడమే దీని ఆనవాలు. ఈ హెడర్ పేరును 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఒక ఆర్ అక్షరం తగ్గించి తప్పుగా రాశారు, అదే స్థిరపడిపోయింది. తరువాత వచ్చిన రెఫరర్ పాలసీ అనే హెడర్‌లో మాత్రం స్పెల్లింగ్ సరిగ్గా ఉంది. సర్వర్‌లో నియమాలు రాసేవారు ఈ తేడాను గుర్తుంచుకోకపోతే, రాసిన నియమం ఎన్నడూ వర్తించదు. ఇతరుల బొమ్మ విషయంలో సరైన పరిష్కారం అడ్డును దాటే ఉపాయం వెతకడం కాదు. అనుమతి తీసుకుని బొమ్మను మీ సర్వర్‌లోనే ఉంచుకోవాలి.

200 వచ్చినా బొమ్మ లేదు

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. 200 అంటే సర్వర్ ఏదో ఒకటి సవ్యంగా పంపిందని అర్థమే తప్ప, బొమ్మను పంపిందని అర్థం కాదు. రెస్పాన్స్ హెడర్లలో కంటెంట్ టైప్ చూడండి. ఇమేజ్ అని మొదలుకావలసిన చోట టెక్స్ట్, హెచ్‌టీఎమ్ఎల్ అని ఉంటే, ఫైలు దొరకనప్పుడు 404 ఇవ్వడానికి బదులుగా మొదటి పేజీనో లాగిన్ పేజీనో పంపేలా ఆ సర్వర్‌ను అమర్చారన్నమాట. ఇక్కడి జబ్బు 404 జబ్బే, వేషం వేరు. పై భాగంలో చెప్పిన పరీక్షలన్నీ దీనికీ చేయాలి.

కంటెంట్ టైప్ సరిగ్గా ఉన్నా బొమ్మ రాకపోతే ఫైలు లోపల చూడాలి. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే ప్రోగ్రామ్‌లో) తెరిస్తే పీఎన్‌జీ ఫైలు ఎప్పుడూ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైట్లతో మొదలవుతుంది (హెక్స్ ఎడిటర్ వీటిని పదహారు మూలంలో చూపిస్తుంది, నేను పది మూలంలో ఇచ్చాను). 80, 78, 71 అనేవి పీ, ఎన్, జీ అక్షరాలు. ఆ తరువాతి 13, 10 జంటను ఎంతో ఆలోచించి పెట్టారు: టెక్స్ట్ ఫైళ్లలో పంక్తి ముగింపుకు వాడే గుర్తులవి. ఎవరైనా బొమ్మను టెక్స్ట్ ఫైలుగా భావించి బదిలీ చేస్తే ఆ జంట మారిపోతుంది, ఫైలు చెడిందని మొదటి ఎనిమిది బైట్లలోనే బయటపడుతుంది. ఎఫ్‌టీపీలో (సర్వర్‌కు ఫైళ్లు పంపే పాత పద్ధతిలో) యాస్కీ, అంటే టెక్స్ట్, పద్ధతిలో పంపిన బొమ్మలు సరిగ్గా ఇలాగే చెడతాయి. బైనరీ పద్ధతిలో మళ్లీ పంపాలి. జేపీజీ ఫైలైతే 255, 216 అనే రెండు బైట్లతో మొదలవుతుంది.

పేరు చివర జేపీజీ అని ఉండి మొదటి బైట్లు ఇలా లేకపోతే, అది మరో రకం ఫైలు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫోటోలను హెచ్ఈఐసీ రూపంలో తీయగలవు. పేరు చివరి అక్షరాలు మార్చినంత మాత్రాన ఫైలు జేపీజీ కాదు. కొత్త సఫారీ దానిని చూపిస్తుంది, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ చూపించవు. ఫోటో ఎడిటర్‌లో తెరిచి జేపీజీగా సేవ్ చేయడమే మార్గం.

అంకె లేని వరుస, అసలే లేని వరుస

స్టేటస్ గడిలో అంకెకు బదులు బ్లాక్డ్ అనో ఫెయిల్డ్ అనో ఉంటే, అడ్డు మీ వైపున ఉండే అవకాశమే ఎక్కువ. అదే పేజీని ప్రైవేట్ కిటికీలో తెరవండి. అక్కడ ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు. అక్కడ బొమ్మ వస్తే ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ దానిని ప్రకటన అనుకుంది. ఫోల్డరు పేరు యాడ్స్ అనో, ఫైలు పేరు బ్యానర్ అనో ఉంటే అలా అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. పేరు మార్చితే సరిపోతుంది. అక్కడా రాకపోతే కాన్సోల్ ట్యాబ్‌లోని ఎర్ర వరుసలు చదవండి. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (ఎక్కడి నుంచి ఏం తెచ్చుకోవచ్చో సైటు పెట్టే నియమం) అడ్డుకుందా, సర్టిఫికెట్ గడువు ముగిసిందా, సర్వర్ పేరే దొరకలేదా, హెచ్‌టీటీపీఎస్ పేజీలో పాత హెచ్‌టీటీపీ బొమ్మ ఉందా అన్నది అక్కడ మాటల్లోనే రాసి ఉంటుంది.

వరుసే లేకపోతే బ్రౌజర్ అడగలేదు. లేజీ కోసం రాసిన స్క్రిప్టులు అసలు చిరునామాను డేటా గుణంలో దాచి, తరువాత దానిని బొమ్మ చిరునామా ఉండే ఎస్ఆర్‌సీ గుణంలోకి మారుస్తాయి. పేజీలో మరెక్కడో ఒక స్క్రిప్టు దోషంతో ఆగిపోతే ఈ మార్పిడీ ఆగిపోవచ్చు. అప్పుడు ఒక బొమ్మ కాక, ఒక్కసారిగా అన్ని బొమ్మలూ ఖాళీగా ఉంటాయి.

‘ముందు క్యాష్ తుడిచి చూడండి’ అనే సలహాను ఇంతవరకు చెప్పలేదని మీరు గమనించి ఉంటారు. దానితో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది కొన్నిసార్లు లక్షణాన్ని మాయం చేసి కారణాన్ని దాచేస్తుంది. డిసేబుల్ క్యాష్ టిక్కు ఆ పనిని ఏమీ తుడవకుండానే చేస్తుంది, అదీ టూల్స్ తెరిచి ఉన్నంతసేపే. 404 జవాబును కూడా దాచుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి కాబట్టి, ఫైలును ఎక్కించిన తరువాత కూడా మధ్యలోని సీడీఎన్ (మీ ఫైళ్ల ప్రతులను దాచి పంచే సర్వర్ల వల) పాత జవాబే ఇస్తూ ఉండవచ్చు. దానిని మీ బ్రౌజర్ నుంచి తుడవలేరు. బొమ్మ చిరునామా చివర ప్రశ్నార్థకం, దాని తరువాత ఏదైనా అంకె చేర్చి తెరవండి. అలా వచ్చి, మామూలుగా రాకపోతే, చాలావరకు పాత ప్రతి మధ్యలో ఎక్కడో నిలిచి ఉందని తెలుస్తుంది.

ఈ వారం అభ్యాసం: మీ కంప్యూటర్‌లో ఒక చిన్న పేజీ తయారుచేసి అందులో మూడు బొమ్మలు పెట్టండి. ఒకదానికి లేని ఫైలు పేరు ఇవ్వండి, రెండవదానికి పేరు మార్చిన టెక్స్ట్ ఫైలును జేపీజీ అని చూపించండి, మూడవదానికి ఎస్ఆర్‌సీ గుణమే రాయకండి. మూడింటికీ ఆల్ట్ గుణంలో ఒక్కొక్క మాట రాసి, బొమ్మ రాని చోట ఆ మాట ఎలా కనిపిస్తోందో, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎన్ని వరుసలు వచ్చాయో నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకే బొమ్మకు పలు రూపాలు, అంటే సోర్స్‌లు, ఇచ్చే పిక్చర్ ట్యాగులో ఒక సోర్స్ విఫలమైతే బ్రౌజర్ తరువాతి సోర్స్‌కు వెళుతుందని చాలామంది నమ్ముతారు. అది అలా వెళ్లదు. ఎందుకు వెళ్లదో, ఫోనులో వచ్చిన బొమ్మ ల్యాప్‌టాప్‌లో రాకపోవడానికి దానితో ఉన్న సంబంధమేమిటో నాలుగవ పాఠంలో చూద్దాం.