ముసురు పట్టకముందే స్పీకర్ల దుమ్ము తీసేయండి

ఒంగోలులో మా వీధిలో వేసవంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి. చీమకుర్తి గ్రానైట్ పొడి, రోడ్డు మట్టి కలిసి, పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. మామూలు స్పీకరు మీద పడితే చూడ్డానికి బాగోదు, అంతే. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు సంగతి వేరు.

మామూలు స్పీకరులో ఊగి శబ్దం చేసే కోను దాంట్లో ఉండదు. చిల్లులున్న రెండు పలకల మధ్య, వెంట్రుక కన్నా పలుచటి ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. దానికి వేల వోల్టుల చార్జి ఎక్కిస్తారు. 1957లో ఇంగ్లండులో వచ్చిన క్వాడ్ కంపెనీ స్పీకర్ల బేస్ (మంద్ర స్వరాల) ప్యానెళ్లకు సుమారు 6,000 వోల్టులు! ఆ చార్జే గదిలో దుమ్మును లాక్కుంటుంది. దుమ్ము పొడిగా ఉన్నంతకాలం పెద్ద ఇబ్బంది రాదు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చి సముద్రపు తేమ ఇంట్లోకి చేరాక, తడిసిన ఆ దుమ్ము మీదుగానే చార్జి కారిపోతుంది. టిక్ టిక్‌మని చప్పుడు, బుస్సుమనే శబ్దం మొదలవుతాయి, పాట బలం తగ్గిపోతుంది. అందుకే సెప్టెంబరులో బాగా ఎండ కాసిన రోజు మధ్యాహ్నం ఈ పని పెట్టుకోండి.

స్విచ్ ఆపితే చాలదు. ముందు రోజు రాత్రే స్పీకరు కరెంటు ప్లగ్గు గోడ నుంచి తీసేయండి, లోపల కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగడానికి టైమ్ కావాలి. యాంప్లిఫయర్ కూడా ఆపి, స్పీకరు వైర్లు ఊడదీయండి. దాన్నుంచి వచ్చే సిగ్నల్‌ను స్పీకరులోని ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులకు పెంచుతుంది. ప్లగ్గు తీశాం కదా అని పాట పెట్టి తుడవడం ప్రాణాంతకం. చార్జి దింపుదామని స్క్రూడ్రైవరుతో తాకించొద్దు, వెనక మూత అసలే విప్పొద్దు. పిల్లల్ని గది బయటే ఉంచండి.

తర్వాత వ్యాక్యూమ్ క్లీనర్‌కు మెత్తటి వెంట్రుకల బ్రష్ తగిలించి, తక్కువ పీల్పులో పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరపండి. నొక్కకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయండి, పలకకు గీత పడుతుంది. అయితే అన్ని మోడళ్లకూ ఇది పనికిరాదు. పాత క్వాడ్‌లలో జాలీ వెనక ఇంకో పలుచటి దుమ్ము పొర ఉంటుంది, పీలిస్తే అది చిరిగిపోవచ్చు. వాటికి జాలీ పైన పొడి బ్రష్‌తో మెల్లగా తుడిస్తే చాలు. స్పీకరుతో వచ్చిన పుస్తకం ముందు చదవండి.

తడిగుడ్డ, అద్దాలు తుడిచే స్ప్రే, బ్లోయర్ వద్దు. ఒక ఏడాది నేను తొందరపడి తడిగుడ్డతో తుడిచాను. అదే రాత్రి పాట పెడితే ఎడమ స్పీకరు టిక్‌టిక్‌మంటూ కూర్చుంది. వెంటనే ప్లగ్గు పీకేసి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాక గానీ నాకు టెన్షన్ తగ్గలేదు.

పని అయ్యాక వాల్యూమ్ తగ్గించి విని చూడండి. చప్పుడు వస్తే ఆపేసి, ఆ స్పీకర్లు తెలిసిన మెకానిక్‌కే చూపించండి. సాంబ్రాణి ధూపం ఆ గదిలో వేయొద్దు. వాడనప్పుడు ప్లగ్గు తీసి నూలు దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ కవరు తేమను లోపలే పట్టి ఉంచుతుంది. తుఫాను హెచ్చరిక విన్నారంటే ఉరుములు మొదలవకముందే స్పీకర్లవీ, యాంప్లిఫయర్‌దీ ప్లగ్గులు తీసేయండి.