మక్కజొన్న వేరు కొనలో 20 క్రోమోజోములు విడివిడిగా కనిపించాలంటే

మక్క కణంలో 20 క్రోమోజోములుంటాయి, అంటే 10 జతలు. పెద్దవే కాబట్టి 100 రెట్ల ఆయిల్ లెన్స్ ఉన్న కాలేజీ మైక్రోస్కోపు చాలు. అయినా చాలా స్లైడ్లలో ఎర్రటి ముద్దే కనిపిస్తుంది. అందరూ రంగును తిడతారు, కానీ పని చెడేది అంతకుముందే.

దుకాణం విత్తనానికి మందు పట్టించి ఉంటుంది, రంగు పోయేదాకా కడగండి. రాత్రంతా నానబెట్టి, తడి కాగితంలో 25–28 డిగ్రీల దగ్గర మొలకెత్తించండి. వేరు సెంటీమీటరు దాటగానే పొద్దున 8–9 గంటల మధ్య కోయాలి.

ఇక అసలు పని ప్రీట్రీట్‌మెంట్, అంటే రంగు వేయడానికి ముందు వేర్లను మందులో ఉంచడం. క్రోమోజోములను రెండు వైపులా లాగే కండె పోగులను ఆపితేనే అవి పొట్టిపడి, ఒకదానికొకటి ఎడంగా నిలుస్తాయి. 100 మిల్లీలీటర్ల నీటిలో 0.03 గ్రాముల 8-హైడ్రాక్సీక్వినోలిన్ వేసి, 60 డిగ్రీల వేడిలో కరిగించి, చల్లార్చండి. వేర్లను అందులో సరిగ్గా 3 గంటలు ఉంచాలి, 16–18 డిగ్రీల దగ్గర.

ఆ 16–18 డిగ్రీల దగ్గరే వరంగల్‌లో పని చెడిపోతుంది. మే నెలలో గది 40 దాటుతుంది. ఆ వేడిలో క్రోమోజోములు అతుక్కుపోతాయి. అలాగని ఫ్రిజ్‌లో పెట్టేయొద్దు, అక్కడ మందు సరిగా పనిచేయదు. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, సీసాను అందులో ఉంచి, థర్మామీటరు చూస్తూ పావుగంటకోసారి ఐసు ముక్క వేయండి. సమయం తగ్గితే క్రోమోజోములు కణం నడిమి గీత మీదే గుంపుగా మిగులుతాయి. పెరిగితే చుక్కల్లా ముడుచుకుని, క్రోమోజోమును రెండు భుజాలుగా విడదీసే సెంట్రోమియర్ నొక్కు కనిపించదు, ఏ భుజం పొడవో తేల్చలేం. ఇదే పనికి వాడే కాల్చిసిన్ జోలికి పోవద్దు: అది విషం, పైగా ఈ మందులో వచ్చినంత స్పష్టంగా నొక్కు రాదు.

తర్వాత వేర్లను కడిగి, 3 పాళ్ళ ఆల్కహాలు, 1 పాలు గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ అప్పటికప్పుడు కలిపి, అందులో 24 గంటలు ఉంచండి. 60 డిగ్రీల 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 8–10 నిమిషాలు ఉంచి, కడిగి, 2 శాతం ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగులో అరగంట ఉంచండి. ముదురుగా రంగెక్కిన 1–2 మిల్లీమీటర్ల కొననే తీసి, 45 శాతం ఎసిటిక్ యాసిడ్ చుక్కలో కవర్‌స్లిప్ కింద పెట్టి, పెన్సిలు మొండి వైపుతో తట్టండి. బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కండి, పక్కకు జరిగితే కణాలు చిరిగిపోతాయి.

కనీసం 10 కణాలు లెక్కించండి. పొట్టి భుజం చివర చిన్న గుండు వేలాడితే అది 6వ క్రోమోజోము. నాటు రకాల్లో 21, 22 వస్తే లెక్క తప్పిందనుకోకండి. చిన్నగా, సెంట్రోమియర్ చివరనున్నవి బీ క్రోమోజోములు, అంటే మామూలు 20కి అదనంగా ఉండేవి, కావచ్చు. వాటిని విడిగా రాయండి.