చాప్‌మన్ డబ్ల్యూ-ఎమ్‌ని మీ జట్టుకు నేర్పాలంటే

1925లో ఫుట్‌బాల్ ఆఫ్‌సైడ్ నిబంధన సడలింది. గోల్‌లైన్‌కీ దాడి చేసేవాడికీ మధ్య అంతవరకు ముగ్గురు ప్రత్యర్థులుండాలి, ఇక ఇద్దరు చాలన్నారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో గోల్స్ ఒక్క సీజన్లో 1,192 నుంచి 1,703కి ఎగబాకాయి. ఆర్సెనల్‌కి కొత్తగా వచ్చిన మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్, న్యూకాసిల్ చేతిలో 7-0తో ఓడాక, తన ఆటగాడు చార్లీ బకన్ సలహా మీద సెంటర్ హాఫ్‌ని (మధ్య వరస నడిమి ఆటగాణ్ణి) డిఫెన్స్‌లోకి దించాడు. అందులోంచి వచ్చిన అమరికే డబ్ల్యూ-ఎమ్: ముందు ఐదుగురు W ఆకారంలో, వెనక ఐదుగురు M ఆకారంలో నిలుస్తారు.

ముందు బంతి పక్కన పెట్టి 10 కోన్లు పరవండి. వెనక మూడు (2, 5, 3 నంబర్లు), వాటి ముందు రెండు (4, 6), ఆ పైన రెండు (8, 10), చివర మూడు (7, 9, 11). మధ్యలోని నలుగురూ ఒక చదరం. దాని భుజం 20 అంగలు దాటితే పాస్ అందదు.

బాధ్యతలు: 5వ నంబరు అవతలి సెంటర్ ఫార్వర్డ్‌ని (9) వదలడు. 2, 3 అవతలి వింగర్లని (7, 11) చూసుకుంటారు, 4, 6 ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లని (8, 10).

అసలు కష్టం వెనక ముగ్గురి కదలిక. బంతి మన ఎడమ వైపు వస్తే 3 వింగర్ మీదికి వెళ్లాలి, 5 అటు జరగాలి, 2 తన వింగర్‌ని వదిలి గోల్ ముందుకు రావాలి. గడియారం ముల్లు తిరిగినట్టు. కొత్తవాళ్లలో ఆ 2వ నంబరే లైన్ పక్కన నిలబడిపోతాడు, క్రాస్ వచ్చేసరికి గోల్ ముందు ఖాళీ. పరిగెత్తించకండి, నడిపించే నేర్పండి. రెండు వైపులా 20 సార్లయినా.

దాడికి 10వ నంబరే ఇరుసు. ఆర్సెనల్లో ఆ పని అలెక్స్ జేమ్స్‌ది: వెనకే బంతి అందుకుని వింగ్‌లకి పొడుగు పాస్ కొట్టేవాడు. వింగర్లు లైన్ పట్టుకుని పోకుండా గోల్ వైపు కోసుకురావాలి. 1932-33లో క్లిఫ్ బాస్టిన్ వింగ్ నుంచే లీగ్‌లో 33 గోల్స్ కొట్టాడు. మీ 10కి వేగం లేకపోయినా నష్టం లేదు. తల ఎత్తి చూసే అలవాటు లేకపోతే మాత్రం మార్చేయండి.

అవతలి 9వ నంబరు వెనక్కి జారితే మీ 5 వెంటపడకూడదు. 1953లో వెంబ్లీలో హంగరీ ఆటగాడు హిదెగ్‌కుటి అలాగే ఆడాడు, ఇంగ్లండ్ 6-3తో ఓడింది. అతన్ని 4కో 6కో అప్పగించి, 5ని గోల్ ముందే ఉంచండి.