హారర్ లఘుచిత్రం తీద్దాం – 5: భయపెట్టే ముందు ఇల్లు చూపించండి

నాలుగో పాఠం చివర ఇచ్చిన పని ఇది: ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక తలుపు. రాత్రి జరిగే ప్రారంభ సన్నివేశం, 2 నిమిషాలు మించకూడదు. ఈసారి శబ్దం గురించి చెప్పాలి. కానీ మీరు పంపిన వీడియోలు చూశాక శబ్దాన్ని ఆరో పాఠానికి జరుపుతున్నాను. ఎక్కువమంది ఒకే చోట కాలు జారారు. అది సరిచేసుకోకుండా ముందుకెళ్తే తర్వాతి పాఠాలు ఎవరికీ ఉపయోగపడవు.

ముందు చీకటి సంగతి తేల్చుకుందాం. రాత్రి సన్నివేశం అనగానే ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ కెమెరాని ఆటోలో వదిలేశారు. వెలుతురు చాలక ఫోన్ తనంతట తాను ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెంచేసుకుంది. నల్లగా ఉండాల్సిన చోటంతా బూడిదరంగు చుక్కలు పురుగుల్లా పాకాయి. ముఖం కనిపించదు, గోడ కనిపించదు. మనిషి నడుస్తున్నాడో కూర్చున్నాడో కూడా తెలియదు.

తెరమీద రాత్రిని కూడా వెలుతురుతోనే కట్టాలి. చెన్నైలో ఉన్న మనకి దీనికి ఉదాహరణ వడపళనిలోనే ఉంది. 1957లో విజయా వారి మాయాబజార్‌కి మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టారు. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది. పడవ పాటని ఈసారి కథ వదిలేసి వెలుతురు కోసమే చూడండి. ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి, నీళ్ళు మెరుస్తాయి, అయినా అది రాత్రి కాదేమోనన్న అనుమానం ఎవరికీ రాదు.

నేను చేసే పద్ధతి చాలా తేలిక. పక్కగదిలో ట్యూబ్‌లైట్ వేసి, మధ్య తలుపు జానెడు తీసి ఉంచుతాను. ఆ సందులోంచి నేలమీద పడే వెలుతురు చారే మొత్తం సన్నివేశానికి ఆధారం. ముఖం మరీ మునిగిపోతుంటే చార ఎదురుగా ఒక థర్మాకోల్ షీటు నిలబెడితే సరిపోతుంది. నీలం కాగితం, పొగ మెషీన్ నాకు నచ్చవు, విద్యార్థుల చేతిలో అవి ఎక్కడ పెట్టినా పెట్టినట్టే కనిపిస్తాయి. ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (బొమ్మలోకి వచ్చే వెలుతురు మోతాదు) దానంతటదే మారకుండా లాక్ చేయండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి. షట్టర్ 1/60లో ఉంటే గోడమీద అడ్డచారలు పాకుతాయి. వాటిని దయ్యం ఎఫెక్ట్ అనుకుని ఉంచేసినవాళ్ళూ ఉన్నారు. తీసేయండి.

ఇక అసలు విషయం. చాలా వీడియోల్లో షాట్ల వరస ఇలా ఉంది: మంచంమీద అమ్మాయి కళ్ళు, దగ్గరగా. గొళ్ళెం, దగ్గరగా. దుప్పటి పట్టుకున్న వేళ్ళు. మళ్ళీ గొళ్ళెం. పాదం. మళ్ళీ కళ్ళు. విడివిడిగా చూస్తే ప్రతి షాటూ బాగుంది. కానీ ఆ తలుపు ఎక్కడుంది? ఆమె తలవైపా, కాళ్ళవైపా, అసలు ఆ గదిలోనేనా? తలుపు ఎటువైపు ఉందో తెలియని ప్రేక్షకుడు ఆ తలుపుని చూసి భయపడలేడు. మంచానికీ తలుపుకీ మధ్య నాలుగే అడుగులని ముందే తెలిస్తే, గొళ్ళెం కదిలిన క్షణంనుంచి ఆ నాలుగడుగులూ అతనే లెక్కపెట్టుకుంటాడు. ఆ పని మనం చేయక్కర్లేదు.

ఇల్లు చూపిస్తూ కూర్చుంటే బోర్ కొట్టదా అని ఒకరు అడిగారు. కెమెరా తిప్పుతూ ఇల్లు చూపిస్తే కొడుతుంది. అందుకే ఆ పాత్రకి ఇల్లంతా తిరగాల్సిన చిన్న పని ఒకటి అప్పజెప్పండి. వంటింట్లోంచి బిందె తెచ్చి ముందుగదిలో పెట్టడం, పడుకునే ముందు ఒక్కొక్క స్విచ్చీ ఆర్పుకుంటూ రావడం, ఆరేసిన బట్టలు తీయడం. పని జరుగుతుంటే ఇల్లు దానంతటదే ప్రేక్షకుడి బుర్రలోకి ఎక్కుతుంది. మనిషికీ తలుపుకీ మధ్య ఊహించుకునే గీతని దాటకుండా, కెమెరాని ఒకే పక్కన పెట్టడం రెండో పాఠంలోనే అయిపోయింది, మళ్ళీ చెప్పను.

కొన్ని ఉదాహరణలు చూడండి. ట్రిప్లికేన్‌లో ఒంటరి కుర్రాళ్ళు గదులు అద్దెకి తీసుకునే మాన్షన్ తీసుకుందాం. కుర్రాడు మెస్‌లో తిని వస్తాడు. పొడుగాటి వసారా, వరసగా నంబర్లు వేసిన తలుపులు, చివర అతని గది. ఎదురుగది గొళ్ళేనికి తుప్పుపట్టిన తాళం. ఈ ఒక్క నడక చాలు, ఆ తాళాన్ని తర్వాత మీరు ఏం చేసినా ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

లేదా ధనుర్మాసం పొద్దున, మైలాపూర్ వీధి. తాళం వేసిన ఇల్లు, గేటులో రోజుల తరబడి పేరుకున్న పేపర్లు. ఆ గుమ్మంలో అప్పుడే వేసిన ముగ్గు, కింద కళ్ళాపి ఇంకా తడిగా ఉంది. ఇది పూర్తి వెలుతురులో తీయాల్సిన భయం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాత అపార్ట్‌మెంట్ లిఫ్టు. మడత గ్రిల్లు తలుపుల లిఫ్టులు ఇప్పటికీ చాలా చోట్ల ఉన్నాయి. గ్రిల్లు సరిగ్గా మూయకపోతే 'ప్లీజ్ క్లోజ్ ద డోర్' అని ఒక ఆడగొంతు అరుస్తూనే ఉంటుంది. మొదటి నిమిషంలో మనవాడు మూడో అంతస్తులో దిగుతాడు, గ్రిల్లు గట్టిగా లాగుతాడు, గొంతు ఆగుతుంది. అతను తాళం తీస్తుండగా వాచ్‌మన్ మెట్లమీదనుంచి దిగుతూ, నాలుగో అంతస్తు ఖాళీ అయింది, మీటర్ కూడా తీసేశారని చెప్తాడు. తలుపు పడుతుంది. అన్నం పెట్టుకుంటాడు. అప్పుడు పైనుంచి ఆ గొంతు మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడుసార్లు. అతను ముద్ద చేతిలో పట్టుకుని వింటాడు. గొంతు ఆగిపోతుంది. అంటే గ్రిల్లు ఎవరో మూశారు. తర్వాత లిఫ్టు కదిలిన చప్పుడు. ఇందులో దయ్యం లేదు, నెత్తురు లేదు, తెల్లచీర లేదు. కానీ అంతస్తుల లెక్క ముందే చెప్పకపోతే ఇదంతా పొరుగింటి చప్పుడుగా పోయేది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయానికి వస్తున్నాను. దాదాపు ప్రతి వీడియో ఒకేలా ముగిసింది: ధడేల్‌మని పెద్ద శబ్దం, తెర నలుపు, ఎర్ర అక్షరాల్లో టైటిల్. ఇంట్లో వాళ్ళు ఉలిక్కిపడ్డారని, కాబట్టి సన్నివేశం పనిచేసిందని మీరు రాశారు. హాస్టల్ మెస్‌లో ఎవరి చేతిలోంచైనా స్టీలు పళ్ళెం జారిపడితే అందరూ ఉలిక్కిపడతారు. అందులో కథ లేదు, కెమెరా లేదు, మీ ప్రతిభ లేదు. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే ఒళ్ళు తనంతట తాను అదురుతుంది. ఆ అదురు మీ సన్నివేశం గురించి ఏమీ చెప్పదు.

ఇంకా పెద్ద నష్టం ఉంది. ఒకటిన్నర నిమిషంపాటు ప్రేక్షకుడి గుండెలో కొంచెం కొంచెంగా బిగువు పోగుచేస్తారు. ఆ శబ్దంతో అది ఒక్కసారిగా బయటికి పోతుంది. ఉలిక్కిపడ్డ మనిషి వెంటనే ఊపిరి వదులుతాడు, పక్కవాణ్ణి చూసి నవ్వుతాడు. గమనించండి, ఆ నవ్వు ప్రతిసారీ వస్తుంది. సినిమా ఇంకా మొదలే కాలేదు, అప్పుడే అతన్ని వదిలేశారు. ప్రారంభ సన్నివేశం ఉన్నదే అతన్ని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడానికి.

అదురే వద్దనడం లేదు. 1942లో ఆర్‌కేఓ సంస్థ తక్కువ ఖర్చుతో తీసిన 'క్యాట్ పీపుల్'లో ఒక ఆమె రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల ఇంకొక ఆమె చెప్పుల చప్పుడు. కాసేపటికి ఆ రెండో చప్పుడు ఆగిపోతుంది. ముందున్నామె అడుగులు వేగమవుతాయి, వెనక్కి చూస్తే ఎవరూ లేరు. అప్పుడు బుస్సుమంటూ సిటీబస్సు ఫ్రేములోకి దూసుకొచ్చి ఆగుతుంది. నిర్మాత వాల్ లూటన్ పేరుమీద ఆ కిటుకుని ఇప్పటికీ 'లూటన్ బస్' అంటారు. అందరూ బస్సుని అనుకరిస్తారు, దానికి ముందున్న అడుగులని వదిలేస్తారు. పైగా బస్సు వచ్చాక కూడా వెనకాల నడిచిన మనిషి ఏమైందో ఆ క్షణానికి తేలదు. ఒళ్ళు అదిరింది, ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. మీ వీడియోల్లో శబ్దంతోపాటే ప్రశ్న కూడా ముగిసిపోతోంది. ఇది పరీక్షించాలంటే ఆఖరి శబ్దాన్ని పూర్తిగా మ్యూట్ చేసి చూడండి. ముందున్న ఒకటిన్నర నిమిషం ఒంటరిగా నిలబడితే శబ్దం అక్కర్లేదు. నిలబడకపోతే శబ్దం దాన్ని కాపాడలేదు.

టైటిల్స్ గురించి ఒక్కమాట. అడోబ్ ప్రీమియర్‌లో తెలుగు అక్షరాల వత్తులు, గుణింతాలు విడిపోయి రావడం చాలా వీడియోల్లో చూశాను. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కిందికి వెళ్ళి అక్షరాల అమరికని దక్షిణాసియా లిపులకు మార్చుకోండి. సొంతభాషలో పేరు తప్పుగా పడిన సినిమాని ఎవరికీ చూపించకండి.

ఇప్పుడు అంచనా వేయడం. విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదివేవాళ్ళు కాలేజీకి రిపోర్టు ఇవ్వాలి కాబట్టి జాగ్రత్తగా చదవండి. 'ప్రేక్షకులు బాగా స్పందించారు' అనే వాక్యానికి విలువ లేదు. 'భయమేసిందా?' అని అడిగితే స్నేహితులు వేసిందనే అంటారు, అది మీమీద ఉన్న ప్రేమ. వాళ్ళ మెప్పు మనకి అక్కర్లేదు, వాళ్ళకి ఏం కనిపించిందో తెలియాలి.

అయిదుగురిని పిలవండి. షూటింగ్‌లో ఉన్నవాళ్ళు వద్దు. ఇద్దరు తెలుగు రానివాళ్ళు ఉండాలి. చెన్నైలో ఉన్నందుకు మనకి దొరికిన అదృష్టం ఇది, పక్కగదిలోనే తమిళ స్నేహితుడు ఉంటాడు. మాట అర్థంకాకుండా అతన్ని పట్టుకోగలిగితే మీ బొమ్మా చప్పుడూ సరిగ్గా ఉన్నట్టే. చూపించే ముందు ఒక్క ముక్క మాట్లాడకండి. ఇంకా మ్యూజిక్ వేయాలి, కలర్ చేయాలి అని సంజాయిషీలు ఇవ్వకండి. ఇయర్‌ఫోన్స్ ఇచ్చి చూపించండి. ఫోన్ స్పీకర్‌లో 40 హెర్ట్‌జ్ దగ్గరుండే లోతైన గుర్రుమనే చప్పుడు వినిపించనే వినిపించదు.

అయిపోగానే కాగితం, పెన్సిలూ చేతికిచ్చి ఇంటి ప్లాను గీయమనండి. మంచం ఎక్కడ, తలుపు ఎక్కడ, వంటిల్లు ఎటు. చక్కగా రావక్కర్లేదు. ముగ్గురు తలుపుని ఎడమవైపూ ఇద్దరు కుడివైపూ గీస్తే, ఏ కట్ దగ్గర దిక్కు తప్పిందో టైమ్‌లైన్‌లో వెతకండి, అక్కడే దొరుకుతుంది. ఎవరైనా తలుపు గీయడమే మర్చిపోతే సన్నివేశం మళ్ళీ తీయాలి.

కాగితం వెనక ఒక్క వాక్యం రాయమనండి: తర్వాత ఏం జరుగుతుంది? అయిదుగురూ 'దయ్యం వస్తుంది' అని రాస్తే ఇది హారర్ సినిమా అన్న కబురు ఒక్కటే అందింది, మీ కథ అందలేదు. 'పై ఫ్లోర్లో ఉన్నది పాత అద్దెవాళ్ళేమో' అని ఒక్కరు రాసినా మీరు సరైన దారిలో ఉన్నారు. వాళ్ళు చూస్తున్నప్పుడు మీరు తెరని చూడకండి, వాళ్ళని చూడండి. ఎవరి చూపు ఏ సెకను దగ్గర పక్కకి తిరిగిందో రాసుకోండి. ఈ మూడూ రిపోర్టులో పెడితే ఏ అధ్యాపకుడూ కొట్టిపారేయలేడు.

ఈసారి పని కష్టమైనదే. కావాలనే ఇస్తున్నాను. అదే కథని పగటిపూట తీయండి. 90 సెకన్లు. మ్యూజిక్ లేదు, దయ్యం లేదు, చివర శబ్దం లేదు. మాటలుంటే రెండు వాక్యాలు మించకూడదు. మొత్తం 9 షాట్లు, వాటిలో కనీసం 3 షాట్లలో తలుపూ మనిషీ ఒకే ఫ్రేములో ఉండాలి. తీసేముందు మీరే ప్లాను గీసి, కెమెరా నిలబడే చోట్లు గుర్తుపెట్టండి. అయిదుగురికి చూపించండి, కాగితాలు తీసుకోండి. ఆ కాగితాలు చెప్పినదాన్నిబట్టి కనీసం రెండు షాట్లు మళ్ళీ తీయండి. ఎడిటింగ్‌లో అటూ ఇటూ జరిపితే లెక్కలోకి రాదు, కెమెరా మళ్ళీ పట్టాలి. తర్వాత కొత్తగా ఇంకో అయిదుగురికి చూపించండి. మొదటివాళ్ళకి ఇల్లు తెలిసిపోయింది కాబట్టి వాళ్ళు ఇక పనికిరారు.

ఇల్లు దొరకని హాస్టల్ వాళ్ళు మెట్లూ వసారా వాడుకోండి. వార్డెన్‌కి, వాచ్‌మన్‌కి ముందే చెప్పండి. ఎమ్మార్టీఎస్ (చెన్నై నగర రైలు) స్టేషన్లు ఖాళీగా, పెద్దగా, బ్రహ్మాండంగా కనిపిస్తాయని నాకూ తెలుసు. రైల్వే అనుమతి లేకుండా అక్కడ కెమెరా తీయకండి.

రెండు వెర్షన్లూ, పది కాగితాల ఫోటోలూ కలిపి పంపండి, ఒక్క వెర్షనే పంపితే చూడను. షూటింగ్ అయ్యాక అదే గదిలో ఫ్యాను ఆపి, ఎవరూ కదలకుండా ఒక నిమిషం రికార్డు చేసి విడిగా దాచుకోండి. ఆరో పాఠంలో మొదటి పని ఆ ఫైలుతోనే.